కాస్త కూర్చోండి



తిరువళ్లూరు పేరు వెనక ఒక ప్రశ్న ఉందని మా వైపు పెద్దవాళ్ళు చెబుతారు. శాలిహోత్రుడనే ముని ఏడాది పొడవునా ఉపవాసం చేసి, ఆఖరున ఇంత బియ్యప్పిండితో వండుకుని తినబోతుంటే, ఒక ముసలి బ్రాహ్మడు గుమ్మంలో నిలబడి ఆకలన్నాడట. ముని తన వాటా కూడా పెట్టేసి, మళ్ళీ ఏడాది ఉపవాసానికి కూర్చున్నాడు. ఏడాది తిరిగేసరికి అదే ముసలాయన మళ్ళీ వచ్చాడు, మళ్ళీ తిన్నాడు. ఈసారి తిని వెళ్ళిపోలేదు. ‘ఒళ్ళు వాల్చడానికి చోటెక్కడయ్యా?’ అని అడిగాడు. అరవంలో ఆ ప్రశ్నలోని మాటే ‘ఎవ్వుళ్’. ఊరి పాత పేరు తిరుఎవ్వుళ్. ముని తన పర్ణశాల చూపించాడు. అక్కడ పడుకున్న అతిథి ఇంతవరకూ లేవలేదు. ఆయనే వీరరాఘవస్వామి. గర్భగుడిలో శయనించిన స్వామి కుడిచెయ్యి శాలిహోత్రుడి తల మీద ఉంటుంది.

అక్కడి నుంచి రైలెక్కి అరక్కోణం దాటితే మా తిరుత్తణి. శూరపద్ముడితో యుద్ధం, వల్లి కోసం వేటగాళ్ళతో గొడవ అన్నీ అయ్యాక, సుబ్రహ్మణ్యస్వామి కోపం చల్లారిన కొండ ఇది. తణియడమంటే అరవంలో చల్లబడటం. అందుకే స్కంద షష్ఠికి మిగతా మురుగన్ క్షేత్రాల్లో శూరసంహారం జరుగుతుంటే, మా కొండ మీద మాత్రం పుష్పాంజలి చేస్తారు. ఇక్కడికొచ్చాక ఇంకెక్కడి యుద్ధం! ఎండాకాలం వార్తల్లో రాష్ట్రంలోకెల్లా మండిన ఊళ్ళ జాబితాలో తరచూ కనబడే ఊరికి చల్లబడిన చోటని పేరుండటం స్వామివారి పరిహాసమే అనుకోండి.

ఒక ఊరి పేరులో పడుకోవడం, ఇంకో ఊరి పేరులో చల్లబడటం ఉన్నాయి. సేద తీరడం గురించి మాట్లాడే హక్కు మా ప్రాంతం వాళ్ళకి కాస్త ఎక్కువే ఉందని ధైర్యం చేసి, ఈ పూట మీకు దూరదేశపు ముచ్చట చెప్పబోతున్నాను. రెండు ప్రపంచ యుద్ధాల నడిమి ఇరవై ఏళ్ళలో ప్రపంచ ప్రదర్శనలని పెద్ద పెద్ద తిరునాళ్ళు జరిగాయి. వాటిలో కంపెనీలు మండపాలు కట్టి, వచ్చిన జనాన్ని మెత్తటి కుర్చీల్లో కూర్చోబెట్టాయి. ఆ కూర్చోబెట్టే గదినే లౌంజ్ అంటారు. మన మాటల్లో విశ్రాంతి మందిరం అనవచ్చు గానీ, అందులో విశ్రాంతి ఎవరికి, లాభం ఎవరికి అన్నదే నా ప్రసంగం.

తిరునాళ్ళంటే మనకు తెలియనిదేం కాదు. ఆడికృత్తికకు కావళ్ళు మోసుకుని లక్షల మంది మా కొండెక్కుతారు. కింద గాజుల అంగళ్ళు, మరమరాల అంగళ్ళు, రంగులరాట్నం. ప్రపంచ ప్రదర్శన కూడా అంతే. కాకపోతే అక్కడ ఊరేగేది కరెంటు, మోటారుకారు, ఉక్కు, టెలిఫోను. 19వ శతాబ్దంలో ఆ ప్రదర్శనలకు వెళ్ళిన జనం యంత్రాన్ని చూసి నోరు తెరిచారు. 1930లు వచ్చేసరికి యంత్రం పాతబడిపోయింది. పైగా ఆర్థిక మాంద్యం. కొలువులు ఊడినవాళ్ళకు యంత్రాన్ని చూస్తే ముచ్చట కన్నా కడుపుమంటే ఎక్కువ. అప్పుడు కంపెనీలకు కావలసింది అక్కడికక్కడ బేరం కాదు, జనం మనసులో కాస్త చోటు. మనసులో చోటు కావాలంటే ముందు ఒంటికి చోటివ్వాలి. 1939 న్యూయార్క్ ప్రదర్శన జరిగిన మైదానం 1,200 ఎకరాలకు పైమాటే. అంతకు ముందది నగరం బూడిద పోసుకున్న దిబ్బ. ఆ నేలంతా ఎండలో తిరిగి కాళ్ళు పీకుతున్నవాణ్ణి ఎవరైనా కూర్చోమంటే, ఆ అన్నవాణ్ణి మరిచిపోతాడా?

పారిస్ సంగతి తొందరగా చెప్పేస్తాను. 1925లో అక్కడ అలంకరణ కళల ప్రదర్శన జరిగితే, నాలుగు పెద్ద దుకాణాలు నాలుగు మండపాలు కట్టాయి. గాలరీ లఫాయెత్, బాన్ మార్షే, ప్రింతాం, లూవ్ర్. లోపల అంగడి లేదు, ఇల్లుంది. హాలు, పడకగది, దీపాలు, తివాచీలు, అన్నీ అమర్చిన ఇల్లు. ఇంటావిడ ఇప్పుడే లోపలికి వెళ్ళినట్టు ఉంటుంది. చూసినవాళ్ళకు కుర్చీ కొనాలనిపించడం కాదు, ఆ ఇంటావిడ అయిపోవాలనిపిస్తుంది.

అదే ప్రదర్శనలో లె కార్బూజియే, తరవాత చండీగఢ్ కట్టిన ఆయనే, వాజాఁ అనే మోటారు కంపెనీ సాయంతో ఒక మండపం కట్టాడు. మధ్యలో ఉన్న చెట్టును కొట్టకుండా కప్పుకే కన్నం పెట్టాడు. లోపల వేసిన కుర్చీల్లో కొన్ని తోనెట్ కంపెనీ వంపుకర్ర కుర్చీలు. కర్రను ఆవిరి పట్టి వంచి చేసే రకం. ఈ జాతికి మూలపురుషుడైన 1859 నాటి కుర్చీలో ఆరు కర్రముక్కలు, పది మరలు, రెండు నట్లు, అంతే. ముక్కలు విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. శ్రోతలూ, ఆ కుర్చీ మీరు ఎరగనిది కాదు. హైదరాబాదు ఇరానీ హోటల్లో పాలరాతి బల్ల పక్కన, ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ మీరు కూర్చున్నది దాని చుట్టం మీదే. పారిస్‌లో పెద్దపెద్ద వడ్రంగులు నల్లచేవ మీద ఏనుగు దంతం పొదుగుతుంటే, ఆయన కాఫీ హోటలు కుర్చీ తెచ్చి నట్టింట్లో వేశాడు. నాకు ఆ పొగరు నచ్చింది.

ఇక 1929, బార్సిలోనా. ఇక్కడ కాస్త ఆగాలి. జర్మనీ కంపెనీలు తమ సరుకును వేరే మందిరాల్లో పెట్టుకున్నాయి. దేశం తరఫున మీస్ వాన్ డెర్ రోహె, లిల్లీ రైక్ కలిసి ఒక మండపం కట్టారు. అందులో చూపించడానికి ఏమీ పెట్టలేదు. ఒక చదును కప్పు, గాజు తెరలు, పచ్చని చలువరాయి, తేనె రంగు ఓనిక్స్ గోడ, ఒక ఎర్ర తెర, రెండు నీళ్ళ మడుగులు. నడుమ రెండు కుర్చీలు. మెరుగుపెట్టిన ఉక్కు పట్టీలు పక్క నుంచి చూస్తే కత్తెర వేసినట్టు ఒకదాన్నొకటి దాటి, కాళ్ళూ అవే, వీపూ అవే. మీద గళ్ళు గళ్ళుగా కుట్టిన తెల్లతోలు దిండ్లు. స్పెయిన్ రాజు పదమూడో అల్ఫోన్సో, రాణి ప్రారంభానికి వస్తారని ఆ ఆసనాలు. రాజుకు వేసిన పీటే అయినా దానికి చేతులు లేవు, ఆడంబరం లేదు, వెడల్పు మాత్రం ఉంది. 1930లో ఆ మండపాన్ని విప్పేశారు. 1986 నాటికి అదే చోట మళ్ళీ కట్టారు. నడిమి యాభై ఏళ్ళకు పైగా ఆ భవనం నలుపు తెలుపు ఫొటోల్లోనే బతికింది. కుర్చీ మాత్రం చావలేదు. ప్రపంచంలో ఏ పెద్ద కంపెనీ ఆఫీసు గుమ్మంలోకి వెళ్ళినా అదో, దాని నకలో కనబడుతుంది. రాజు కోసం చేసిన పీట చివరికి అపాయింట్‌మెంటు కోసం కాచుకునేవాళ్ళ పాలైంది.

ఆ కుర్చీలో ఒక కిటుకుంది. ఆ మాటకొస్తే లౌంజ్ కుర్చీలన్నిటిలోనూ ఉంది. మా తిన్నెతో పోల్చి చెబితే సులువుగా తెలుస్తుంది. కృష్ణా గుంటూరు వాళ్ళు అరుగు అంటారు, మా వైపు తిన్నె. తిన్నె గట్టిది, చదునైనది, మోకాలెత్తున ఉంటుంది. ఎవరైనా కూర్చోవచ్చు, ఇల్లుగలవాణ్ణి అడగనక్కర్లేదు, తోచినప్పుడు తువ్వాలు దులిపి లేచిపోవచ్చు. లౌంజ్ కుర్చీ అలా కాదు. సీటు కిందికి ఉంటుంది, వెనక్కి వాలి ఉంటుంది. కూర్చున్నామంటే బరువంతా నడుం మీదికి పోతుంది. లేవాలంటే ముందుకు జరగాలి, చేతులు ఊనాలి, ఒక ఊపు కావాలి. ఆ ఊపు తెచ్చుకునే లోపు పక్కవాడు ఇంకో నాలుగు మాటలు చెప్పేస్తాడు. దీపాలు కూడా అంతే. కప్పు అంచున దాచిపెట్టి వెలుతురు మాత్రం వదులుతారు. గదికి మూలలుండవు, గుండ్రంగా తిప్పేస్తారు. టైమెంతైందో తెలియదు.

ఈ విద్యకు పరాకాష్ఠ న్యూయార్క్‌లో జనరల్ మోటార్స్ మండపం. నార్మన్ బెల్ గెడెస్ అనే నాటకాల రంగాలంకరణ మనిషి దాన్ని ఊహించాడు. పేరు ఫ్యూచరామా. 36,000 చదరపు అడుగుల్లో ఒక బొమ్మ దేశం. అయిదు లక్షల పైచిలుకు చిట్టి ఇళ్ళు, పది లక్షల చిట్టి చెట్లు, యాభై వేల చిట్టి కార్లు, వాటిలో పదివేలు నడుస్తూ ఉండేవి. ఆ దేశం మీదుగా 552 మంది పట్టే కుర్చీలు గొలుసుకట్టుగా కదిలేవి. వీపు ఎత్తుగా, చెవుల పక్క రెక్కలతో, ఇద్దరిద్దరు కూర్చునేలా. ఒక్కో కుర్చీలో ఒక్కో స్పీకరు. మీ కుర్చీ ఏ ఊరి మీదికొస్తే ఆ ఊరి మాట మీ చెవిలో మెల్లగా చెప్పేది. పక్క కుర్చీవాడికి ఆ క్షణంలో ఇంకో మాట. రోజుకు దాదాపు 28,000 మంది, మండుటెండలో వరసలో నిలబడి మరీ, పావుగంట పైచిలుకు ఆ కుర్చీలో కూర్చున్నారు. దిగేటప్పుడు ‘భవిష్యత్తు చూశాను’ అని రాసిన బిళ్ళ చేతికిచ్చేవాళ్ళు. బయటికి రాగానే నిజం సైజు వీధి, ఆ వీధిలో నిజం కార్లు, అన్నీ ఆ కంపెనీవే.

ఆ కుర్చీలోంచి కనబడిన భవిష్యత్తు ఏ సంవత్సరానిదో తెలుసా? 1960. పద్నాలుగు వరసల పెద్ద రోడ్లు, వంద మైళ్ళ వేగం, కొండను చుట్టిపోయే వంతెనలు. మా ఊళ్ళో 1960ని కళ్ళారా చూసిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ ఏడాది ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను, ఆంధ్రప్రదేశ్‌ను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. రోడ్డు వెడల్పు కాలేదు గానీ, మైలురాయి మీద అక్షరాలు మారాయి. తిన్నెల మీద కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉండి రాష్ట్రం మారారు. ఇలా కదలకుండా ప్రయాణం చేయించడం బెల్ గెడెస్‌కు కూడా చేతకాలేదు.

ఇంకో ముక్క చెప్పాలి. మొదటి ఏడాది ఆ బొమ్మ దేశంలో చర్చీలు సరిగ్గా లేవని, పెట్రోలు బంకులు లేవని చూసినవాళ్ళు గొణిగారు. కార్ల కంపెనీ కట్టిన దేశంలో పెట్రోలు బంకు మరిచిపోయారంటే చూడండి! 1940లో ప్రదర్శన మళ్ళీ తెరిచినప్పుడు వాటిని చేర్చారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో చివర్లో నాకు పనుంది.

అదే మైదానంలో క్యారియర్ కంపెనీ ఎస్కిమోల మంచింటి ఆకారంలో మండపం కట్టి, చల్లగాలి అంటే ఏమిటో జనానికి ఒంటితోనే చెప్పింది. తిరుత్తణి మనిషిగా ఆ మండపానికే నా ఓటు. ఫోర్డ్ కంపెనీ మండపంలో వాల్టర్ డోర్విన్ టీగ్ పెద్ద అతిథుల కోసం విడిగా లౌంజ్ అమర్చాడు. అక్కడ అందరికీ ప్రవేశం లేదు. టెలిఫోను కంపెనీ మండపంలో అదృష్టవంతులకు దూరపు ఊళ్ళకు ఉచితంగా మాట్లాడే అవకాశం ఇచ్చి, ఆ మాటలు మిగతా జనం చెవులకు గొట్టాలు తగిలించుకుని వినేలా చేశారు. ఇది మన తిన్నె మీద జరిగే పనే. అక్కడ గొట్టాలు కావాలి, మనకు అక్కర్లేదు.

రేడియోలో మాట్లాడుతూ రేడియో సంగతి ఎత్తకపోతే తప్పవుతుంది. 1924 ఏప్రిల్ 23న లండన్ దగ్గర వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనను అయిదో జార్జి రాజు ప్రారంభించినప్పుడు, ఒక బ్రిటిష్ రాజు గొంతు మొదటిసారి రేడియోలో వినిపించింది. ఆ ఏడే జూలై 31న మన మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారాలు మొదలుపెట్టింది. తరవాత ఆ పని నగరపాలక సంస్థ చేపట్టి మెరీనాలో లౌడ్‌స్పీకర్లు పెడితే, జనం ఇసకలో కూర్చుని పాటలు విన్నారు. అంత పెద్ద లౌంజ్ ఏ కంపెనీ కట్టగలదు? 1939 న్యూయార్క్ ప్రదర్శనలో ఆర్‌సీఏ అనే రేడియో కంపెనీ వాళ్ళు రేడియో వాల్వు ఆకారంలో మండపం కట్టి, రేడియో చుట్టూ అమర్చిన డ్రాయింగు రూము చూపించారు. దాని పక్కనే కొత్తగా టెలివిజన్. బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో, లోపల ఎవడైనా దాక్కున్నాడేమో అని జనం అనుమానపడతారని ఒక పెట్టెను పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేశారు.

వెంబ్లీ దగ్గర మనకు ఇంకో చుట్టరికం ఉంది. అక్కడి భారత మండపంలో భోజనశాల నడిపినవాడు ఎడ్వర్డ్ పామర్. నిజాముకు అప్పులిచ్చిన హైదరాబాదు బ్యాంకరు విలియం పామర్ వంశంవాడే. 1926లో ఆయన లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో హోటలు తెరిచి వీరాస్వామి అని పేరు పెట్టాడు. ఆ పేరు వింటే మావాళ్ళు ముందు అడిగేది ‘ఏ ఊరి వీరాస్వామి?’ అని.

కంపెనీ వేసిన కుర్చీని చూడటానికి మా తాతలకు అంత దూరం అవసరం లేదు. 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది. తిరువళ్లూరు ఆ దారిలోదే. రైలు వచ్చాక వెయిటింగ్ రూములు వచ్చాయి. ఫస్టుక్లాసు వాళ్ళకు ఒకటి, ఆడవాళ్ళకు ఒకటి, థర్డుక్లాసు వాళ్ళకు ప్లాట్‌ఫారం, అదీ లేకపోతే చింతచెట్టు. మా తాత నేతపని మనిషి. మూటలు కట్టుకుని మద్రాసు వెళ్ళేటప్పుడు ఆ గది తలుపు సందులోంచి ఒక పడక కుర్చీ చూసేవాడట. పేముతో అల్లినది, చేతులు బారెడు పొడుగు. ‘ఆ చేతులు కాళ్ళు పెట్టుకోడానికిరా’ అని మాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఒక్కసారైనా అందులో కూర్చోలేదు. కానీ దాని అల్లిక ఎన్ని వరసలో, ఎక్కడ ఒక పేము తెగి వేలాడేదో కూడా ఆయనకు గుర్తే. మగ్గం మీద కూర్చున్నవాడి కన్ను కదా.

మొన్న వేసవిలో మా మేనత్తను తీసుకుని, తిరుపతి రోడ్డు మీద తిరువళ్లూరు దాటాక ఒక లేఅవుట్ చూడటానికి వెళ్ళాను. ఏ కంపెనీదో చెప్పను. ఎండ నెత్తిన కొడుతోంది. ముళ్ళకంప కొట్టేసిన పొలంలో రంగుల జెండాలు, నడుమ ఏసీ పెట్టిన ఒక రేకుల గది. తలుపు తీయగానే చల్లగాలి ముఖాన కొట్టింది. కిందికి కుంగిపోయే బూడిద రంగు సోఫా. చేతికి మజ్జిగ పొట్లం. మా ఎదురుగా గాజుపెట్టెలో ఆ పొలమే, ఇరవై ఏళ్ళ తరవాత ఎలా ఉంటుందో అలా. చిట్టి ఇళ్ళు, పచ్చరంగు వేసిన స్పాంజి చెట్లు, అగ్గిపుల్లంత కార్లు. ఒక కుర్రాడు చేతిలో లేజరు లైటు పట్టుకుని అరవమూ తెలుగూ కలిపి చెవి పక్కన మెల్లగా చెబుతున్నాడు. నాకు న్యూయార్క్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. కుర్చీ కదలడం లేదు, అదొక్కటే తేడా.

అత్త చాలాసేపు గాజు మీదికి వంగి చూసింది.

“ఇళ్ళు బాగుండాయి నాయనా. తిన్నె యాడ?”

కుర్రాడికి అర్థం కాలేదు. నేను చెప్పాను. లైటు ఇంటి ముందుకు జరిగింది, పక్కకు జరిగింది, మళ్ళీ ముందుకొచ్చి ఆగింది.

“అది కార్ పార్కింగమ్మా.”

“కారు కూర్చుంటాదా?” అంది అత్త.

ఆ అబ్బాయి నవ్వాడు. మంచివాడే. బ్రోచర్ ఇచ్చి, ఇంకో మజ్జిగ పొట్లం తెప్పిస్తానన్నాడు. అత్త సోఫాలోంచి లేవడానికి నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు ఊగాల్సి వచ్చింది. బయట వేపచెట్టు కింద వాచ్‌మన్ నాలుగు ఇటుకలు పేర్చి, మీద కడప బండ ఒకటి పరుచుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి ఆయన పక్కకు జరిగాడు. అత్త అడగలేదు, ఆయనా ఏమీ అనలేదు. కొంగుతో బండ మీది ఆకులు దులిపి కూర్చుని, ‘మీదే ఊరు?’ అని మొదలుపెట్టింది. మేం బస్సెక్కేసరికి సాయంత్రం అయిదైంది.